మూడింటిలోనూ లేని చప్పుడు

నా చెవుల మీద నాకు ఎంత పొగరుండేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నాందేడ్‌లో ఇత్వారా వైపు నాకొక క్యాసెట్ల దుకాణం ఉండేది. కొత్త క్యాసెట్లు అమ్మడం పేరుకే. అసలు పని రికార్డింగ్. జనం కాగితం మీద పాటల వరస రాసి తెచ్చేవారు. మరాఠీవి, హిందీవి, తెలుగువి, అన్నీ కలగలిపి. ఆ వరసలోనే నింపి ఇచ్చేవాణ్ణి. పక్క దుకాణంలో నింపిన క్యాసెట్ ఎవరైనా తెచ్చి పెడితే మొదటి పాట సగం కాకముందే ముఖం చిట్లించి, "టేపు రాసుకునే హెడ్డు తుడవలేదు వీడు" అనేవాణ్ణి. వెళ్లి అడిగితే నిజమే అయ్యేది. అంత గొప్ప చెవి! ఆ చెవి పెట్టుకుని నేను చేసిన పని వింటే మీరు నోరెళ్లబెడతారు. నేను వెళ్లబెట్టిన నోరు ఇంకా మూయలేదు.

మా మేనత్తది దెగ్లూర్. బతుకమ్మ పాటలంటే ఆ చుట్టుపక్కల మొదట ఆమె పేరే చెప్పేవారు. మర్ఖేల్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి ఆమె దగ్గర పాటలు నేర్చుకుని పోయేవారు. తొంభైల మధ్యలో ఆమె గొంతు దగ్గర గడ్డ లేచింది. నాందేడ్ తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తే కోసి తీయాలన్నాడు. గొంతు మారినా మారొచ్చు అని కూడా అన్నాడు. అత్త ఆపరేషన్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒరే, నీ దుకాన్ల మిషిన్ ఉన్నది గద. కోయకముందే నా పాటలు పట్టుకో. మల్ల గీ గొంతు ఉంటదో ఊడ్తదో."

"పట్టుకుంట అత్తా. నీ గొంతు యాడికీ పోనియ్య," అన్నాను.

మాటిచ్చాను. ఇచ్చిన మాట ఎంత బాగా నిలబెట్టుకున్నానో ముందు ముందు చూస్తారు.

ఆ ఏడు బతుకమ్మ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పెట్టుకున్నాం. దుకాణంలో ఉన్నవాటిలో మంచి టేప్‌రికార్డర్, మంచి మైకు, అప్పట్లో నాందేడ్‌లో దొరకడమే కష్టమైన క్రోమ్ క్యాసెట్ సంచిలో సర్దుకుని దెగ్లూర్ బస్సెక్కాను. అమ్మ కూడా వచ్చింది. ఆడబిడ్డకు ఆపరేషన్ అంటే వదిన రాకుండా ఉంటుందా? అత్త వాకిట్లో బతుకమ్మను నిలిపి, పక్కనే పీట మీద మైకు పెట్టాను. ఎనిమిది మంది ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఇక నా హుకుం చూడాలి! కోళ్లను తరిమించాను. పక్కింటి పిండి గిర్నీ ఒక గంట ఆపించాను. దగ్గొచ్చేవాళ్లు ఇప్పుడే దగ్గేసి రండి అన్నాను. అత్త పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకున్నారు, చప్పట్లు పడ్డాయి. అమ్మ పాడలేదు. ఆమెకు పాట రాదన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. వలయంలో తిరుగుతూ చప్పట్లు కొట్టింది. నాకు గుర్తున్నది ఇంతే.

ఆపరేషన్ అయింది. డాక్టరు అన్నట్టే అయింది. అత్త గొంతు మగవాడి గొంతులా బొంగురుపోయింది. మాట్లాడగలదు గానీ పై స్వరం అందదు. ఆ తర్వాత బతుకమ్మ దగ్గర ఆమె పాట ఎత్తుకోలేదు. అసలు క్యాసెట్ నా దుకాణంలోనే పెట్టుకుని, రెండు క్యాసెట్ల డెక్కులో వేగంగా నకలు ఒకటి తీసి అత్తకు పంపాను. నకలు తీసేటప్పుడు వినలేదు కూడా. బటన్ నొక్కి చాయ్ తాగడానికి పోయాను.

మూడేళ్లకు అమ్మ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి వారానికి లేదు. పదకొండో రోజు అయ్యాక మా ఆవిడ ఏదో సర్దుతూ మామూలుగానే అడిగింది.

"ఊరందరి గొంతులు పట్టినవ్. అత్తమ్మ గొంతు ఒక్క క్యాసెట్ల గూడ లేదా?"

లేదు. క్యాసెట్ల దుకాణం నడుపుతూ, గోడ నిండా టేపులు పేర్చుకుని, కన్నతల్లి గొంతు ఒక్క నిమిషం కూడా పట్టుకోలేదు. మా ఆవిడ మీదే కసురుకున్నాను. తప్పు నాది, కోపం ఆమె మీద. అది నా పాత అలవాటు.

రెండువేల సంవత్సరం దాటాక క్యాసెట్ల పని పడిపోయింది. దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది, సీడీలు రాసే డ్రైవు వచ్చింది. ఒక్క సీడీలో నూటయాభై ఎంపీత్రీ పాటలు పడతాయని జనం ఎగబడ్డారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎంపీత్రీ అంటే పాటను చిన్నది చేయడానికి అందులోంచి కొంత తీసిపారేస్తుంది. తీసిపారేసింది మళ్లీ రాదు. చెరుకు పిప్పి అమ్ముతున్నాం అని వచ్చినవాళ్ల ముందే అనేవాణ్ణి. అలాంటి రోజుల్లో ఒకాయన హైదరాబాద్ నుంచి తెచ్చిన డిస్కులో ఫ్లాక్ అనే రకం ఫైళ్లు చూశాను. లాస్‌లెస్ అన్నాడు. సైజు సగానికి పడిపోయినా పాటలో వెంట్రుకంత కూడా పోదట. ఇదిరా నాకు కావలసింది అనుకున్నాను.

ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే మరాఠీ మనిషి ఒకాయన రోజూ సాయంత్రం చాయ్‌కి మా దుకాణానికి వచ్చేవాడు. ఆయనతో నాకు ఈ ఫ్లాక్ మీదే పోట్లాట. ఏ కుదింపూ లేని పెద్ద ఫైలు ఉంటుంది, దాన్ని వేవ్ అంటారు. వేవ్‌లో పాట నిండుగా ఉంది, ఫ్లాక్ చేస్తే పలచబడింది అని నేను. అంతేనా! నా కంప్యూటర్‌లో పాటలు వాయించే సాఫ్ట్‌వేర్లు రెండుండేవి. ఒకటి నల్ల బొమ్మది, ఒకటి తెల్ల బొమ్మది. నల్ల ప్లేయర్‌లో తబలా గట్టిగా పలుకుతుంది, తెల్లదాంట్లో గొంతు సాఫుగా ఉంటుంది అని కూడా నేనే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను.

"శేట్, సగళం ఏకచ్ ఆహే!" అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు. అంతా ఒకటేనట. ఇంట్లో గోధడి, అంటే మన బొంత, మడతపెట్టి పెట్టెలో పెడతావు, చిన్నదవుతుంది, విప్పి పరిస్తే ఒక్క కుట్టు కూడా తగ్గదు, ఫ్లాక్ కూడా అంతే అని మరాఠీలో వివరించేవాడు.

"మడత పెడితే ముడతలు పడవా మరి?" అని నేను.

ఒకరోజు నల్ల ప్లేయర్ తెరిచి, అందులో ఎప్పుడో నేనే ఆన్ చేసి మరిచిపోయిన, చప్పుళ్లను పెంచి తగ్గించే ఈక్వలైజర్ చూపించాడు. నీ తబలా గట్టిదనం ఇదీ అని దాన్ని ఆపేశాడు. అయినా నాకు తేడా వినిపిస్తూనే ఉందని వాదించాను. నిజంగా వినిపించింది కూడా. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి.

ఈ పోట్లాట జోరుగా ఉన్నప్పుడే అత్త క్యాసెట్ గుర్తొచ్చింది. బీరువాలోంచి తీస్తే టేపు అంచున తెల్లగా బూజు పడుతోంది. ఇక ఆలస్యం చేయొద్దని డెక్కుకు, కంప్యూటర్‌కు వైరు కలిపి మొత్తం వేవ్‌గా ఎక్కించాను. అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? శుభ్రం చేయాలనిపించింది. టేపులో బుస్సుమనే చప్పుడును తీసేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాంతో బుస తీశాను. ప్రతి చప్పట్ల దెబ్బ వెనకా చిన్నగా టిక్కు టిక్కుమని ఏదో పడుతోంది. మైకు వైరు లూజై ఉంటుందనుకున్నాను. టిక్కులను ఏరిపారేసే పరికరం కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు మూడు రోజులు కూర్చుని ఒక్క టిక్కు లేకుండా ఏరాను.

పాట అయిపోయాక చివర ఇంకొంత మిగిలింది. తెర మీద సన్నటి గీతలు, కదలికలు, గుసగుసలు. వినకుండానే కోసేశాను. పాట వెనక తోక మిగలనివ్వకపోవడం మా వృత్తిలో పరువు.

తర్వాత దాన్ని ఫ్లాక్ చేశాను. డిస్కు నిండిపోయి ఎర్రగీత చూపిస్తోందని మొదట ఎక్కించిన వేవ్ తుడిచేశాను. శుభ్రం చేసిన వేవ్ ఒకటి, దాని ఫ్లాక్ ఒకటి, రెండూ ఉన్నాయి కదా! ఇక మిగిలింది అసలు క్యాసెట్. రికార్డింగ్ దుకాణాల వాళ్లకు ఒక అలవాటుంటుంది. క్యాసెట్ వెనక చిన్న పలకలు విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. ఆ గుంటల మీద కాగితం అంటిస్తే మళ్లీ అవుతుంది. మంచి క్రోమ్ టేపును ఊరికే ఉంచడం మాకు పాపం కింద లెక్క. నాయ్‌గావ్ నుంచి ఒక పెద్దమనిషి కీర్తన నింపమని వచ్చాడు. లేబుల్ గీకేసి, బూజు తుడిచి, గుంటల మీద కాగితం అంటించి, అత్త క్యాసెట్ మీదే కీర్తన నింపి ఇచ్చేశాను. నా చేతులతో, నా పూర్తి తెలివితో.

అత్తకు సీడీ రాసి, దెగ్లూర్ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాను. ఫోన్ చేసి చెప్పాను కూడా.

"అత్తా, గిది లాస్‌లెస్. అసలు దానికన్నా సాఫుగున్నది. ఆ పాత రీలు ఇగ పారెయ్యి."

వారానికి ఆమె ఫోన్ వచ్చింది.

"గిది మా పాట గాదురా."

"ఏంది గాదు? నీ ప్లేయర్ ఖరాబున్నట్టుంది."

"ప్లేయర్ మంచిగనే ఉన్నది. గిండ్ల అందరు పాడుతున్నరు, గని మేము లేము."

నాకు రోషం పొడుచుకొచ్చింది. ఎంత కష్టపడ్డాను! ముసలితనం, చెవులు పనిచేయడం లేదు అనుకున్నాను. ఆ నెలలోనే ఆమె డాక్టరుకు గొంతు చూపించుకోవడానికి నాందేడ్ వచ్చింది. నేరుగా దుకాణానికి తీసుకొచ్చాను. సాయంత్రమైంది, ల్యాబ్ ఆయన కూడా చాయ్ తాగుతున్నాడు. ఈ దెబ్బకు ఇద్దరి నోళ్లూ మూయించాలనుకున్నాను.

"అత్తా, నీకు మూడు తీర్ల వినిపిస్త. ఒకటి వేవ్, ఒకటి ఫ్లాక్ నల్లదాంట్ల, ఇంకోటి ఫ్లాక్ తెల్లదాంట్ల. ఏది మంచిగున్నదో నువ్వే చెప్పు."

ల్యాబ్ ఆయన గబుక్కున లేచాడు. నువ్వు కూడా తెరకు వీపు పెట్టి కూర్చో, నేను నొక్కుతాను, ఏది ఏదో నువ్వు చెప్పు అన్నాడు. సరే అన్నాను. నాకేం భయం? అత్త నా పక్కన స్టూలు మీద కూర్చుని తనంతట తనే కళ్లు మూసుకుంది. ఆయన మార్చి మార్చి ఆరుసార్లు వాయించాడు. ప్రతిసారీ నేను ఠక్కున చెప్పాను. ఇది వేవ్, నిండుగా ఉంది. ఇది ఫ్లాక్, నల్ల ప్లేయర్. ఆయన అరచేతిలో పెన్నుతో గీతలు గీసుకున్నాడు.

ఆరింటిలో రెండు సరిగ్గా చెప్పానట. కళ్లు మూసుకుని వేలు పెట్టినా ఆ మాత్రం తగులుతాయి. వేవ్ అని నేను తల ఊపుతూ మెచ్చుకున్నది నేను పలచన అని తిట్టే ఫ్లాక్! ఆయన అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి చూపించాడు. ఇరవై ఏళ్ల చెవి! ఊళ్లో ఎవరి హెడ్డు తుడవలేదో చెప్పిన చెవి!

అత్త కళ్లు తెరిచింది. "ఏంది గీ పంచాయితీ? అన్ని ఒక్కటే గదరా. గదే పాట, గదే గొంతు."

ల్యాబ్ ఆయనకు తెలుగు రాదు గానీ ఆ మాట అర్థమైంది. పకపకా నవ్వాడు.

"ఆయన్ను నవ్వుడు బంద్ చెయ్యమను," అంది అత్త. "మూడు ఒక్కటే. మూడింట్ల గూడ మీ అమ్మ లేదు."

"అమ్మ ఎట్లుంటది అత్తా? అమ్మ పాడలె గద."

"పాడలె గాదు. నువ్వు పాడనియ్యలె."

"నేనా?"

"నువ్వే. మిషిన్ పెట్టి ఏమన్నవో యాదికున్నదా? అమ్మా, నువ్వు నోరిప్పకు, నీ బేసూర్ గొంతుతోని రికార్డింగ్ ఖరాబైతది, అన్నవ్. ఎనిమిది మంది ఆడోళ్ల ముందట అన్నవ్. మా వదినె నవ్వుకుంట పక్కకు జరిగింది. గా నవ్వు నేను సూసిన."

ఒట్టేసి చెబుతున్నాను, నాకు గుర్తు లేదు. కోళ్లు గుర్తున్నాయి, గిర్నీ గుర్తుంది, పీట మీద మైకు ఏ వైపు తిప్పానో గుర్తుంది. ఈ మాట మాత్రం లేదు. కానీ అత్త అబద్ధం చెప్పదు. అదీగాక ఆ మాట అచ్చంగా నాదే. ఇంట్లో అమ్మ రొట్టెలు చేస్తూ ఏదైనా కూనిరాగం తీస్తే, ఆపవే తల్లీ అని నేను అనని రోజు లేదు.

"మరి ఆమె ఏం జేసింది? సప్పట్లు గొట్టింది," అంది అత్త. "పాడేటోళ్లకు తాళం నోట్లెనే ఉంటది. నోరు మూసుకున్నోళ్లకు ఎట్ల అందుతది? మా చేతులు సూసి గొట్టేది, జరంత ఎనక పడేది. మా సప్పట్లు పడ్డంక ఆమె గాజులు గల్లుమనేవి. ఆమె పోయిన సంది ప్రతి బతుకమ్మకు నా రీలు పెట్టుకుని గా గల్లుమనుడు ఇంటున్న. గిండ్ల ఏదిరా?"

టిక్కు టిక్కుమన్నది అదే. మూడు రోజులు కూర్చుని బియ్యంలో రాళ్లలా ఏరింది అదే. మైకు వైరు లూజు అనుకున్నాను! అమ్మ గాజులు! ఆ వేళ ఆమె ఉన్నానని చెప్పిన ఒక్క చప్పుడును నేను వెతికి వెతికి చంపాను.

"ఆఖర్ల మాట గూడ లేదు," అంది అత్త.

"ఏ మాట?"

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. నాకు తెలియదని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. సంచి తీసుకుని, "బస్సు టైమైంది," అని లేచింది.

ఆ తర్వాత వారం రోజులు నాకు ఇప్పటికీ పీడకలే. ల్యాబ్ ఆయన తుడిచిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ తెచ్చి డిస్కంతా గాలించాడు. దాని మీద ఎప్పుడో వేరే పాటలు ఎక్కేశాయి. శుభ్రం చేసిన ఫైలునే మళ్లీ మళ్లీ విన్నాను. నల్ల ప్లేయర్‌లో, తెల్ల ప్లేయర్‌లో, ఇంకో నాలుగు కొత్తవి దించుకుని వాటిలో కూడా. పిచ్చివాణ్ణి. లేనిది ఏ ప్లేయర్ వాయిస్తుంది? ఫైలు నాకేం ద్రోహం చేయలేదు. నేను ఏదిచ్చానో దాన్ని వెంట్రుక పోకుండా దాచిపెట్టింది.

నాయ్‌గావ్ వెళ్లాను. కీర్తన నింపించుకున్న పెద్దమనిషి క్యాసెట్ ఇవ్వడానికి ఏమీ అనలేదు. పైగా చాయ్ పోశాడు, మీ రికార్డింగ్ చాలా బాగుంది అని మెచ్చుకున్నాడు. వాళ్లింటి డెక్కులోనే పెట్టి చివరిదాకా విన్నాను. కీర్తన అయిపోయాక ఎక్కడైనా పాత టేపు ఒక బెత్తెడు మిగిలి ఉంటుందేమోనని ఆశ. మిగల్లేదు. పాత పాట తోక వినబడితే పరువు పోతుందని చివరిదాకా ఖాళీ తిప్పి తుడిచేశాను. నా పనితనం అంత పక్కా! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం ఉండేది కాదు, నేను ఆకులు కూడా ముందే కాల్చేశాను.

ఇక మిగిలింది అత్త దగ్గరున్న నకలు. పారెయ్యి అని నేనే ఫోన్‌లో హుకుం చేసిన పాత రీలు. దెగ్లూర్ బస్సులో కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. మా బంధువుల్లో నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. రికార్డింగ్ సంగతుల్లో అసలే చెప్పరు. కొంపదీసి పారేసి ఉంటే? పాత సామాన్లవాడికి ఇచ్చేసి ఉంటే?

గడప దాటకుండానే అడిగాను. "అత్తా, గా రీలు పారేసినవా?"

"నువ్వు చెప్తే పారేస్తనారా? నాకేం పిచ్చా?"

నేను గడప మీదే కూలబడ్డాను. మగవాణ్ణి, వీధిలో జనం చూస్తున్నారు, అయినా ఏడుపు ఆగలేదు. అత్త మంచినీళ్లు తెచ్చింది. తర్వాత సందుగలోంచి రవిక గుడ్డలో చుట్టిన క్యాసెట్ తీసింది. మూత పగిలింది. లేబుల్ మీద నా రాతే ఉంది. తన పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కింది.

బుస్సుమంది. నకలు కదా, పైగా పదేళ్లుగా అరిగింది. మా దుకాణంలో ఇలాంటిది ఎవరైనా తెస్తే రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేసేవాణ్ణి. ఆ బుసలోంచి అత్త గొంతు లేచింది. కోయకముందు గొంతు. ఎదురుగా కూర్చున్న బొంగురు గొంతు మనిషి కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. చప్పట్లు పడ్డాయి. నాకేమీ వినిపించలేదు.

"ఇను," అని అత్త వేలెత్తింది. చప్పట్లు పడగానే వేలు దించింది. "గదో."

అప్పుడు వినిపించింది. అందరి చప్పట్లూ పడ్డాక, రెప్పపాటు ఆలస్యంగా, గల్లు. మళ్లీ చప్పట్లు, మళ్లీ గల్లు. పాట పొడుగునా. ఎనిమిది మంది ముందు నోరు మూసుకున్న మనిషి, తాళం అందక, అయినా ఆపకుండా, చివరిదాకా.

"అత్తా, గిది నాకియ్యి. నాందేడ్ తీస్కపోయి లాస్‌లెస్‌ల ఎక్కిస్త. మల్ల తెచ్చిస్త."

"ఇయ్య."

"అత్తా..."

"ఇయ్యనంటి గద. నువ్వు సాఫు జేసేటోనివి."

ఈలోగా పాట అయిపోయింది. అలవాటు కొద్దీ ఆపే మీట వైపు చెయ్యి చాపాను. అత్త ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఆగు. ఆఖరుదాకా ఇను."

బుస. ఎవరో దగ్గారు. ఎవరో పట్టీలతో రెండడుగులు వేశారు. తర్వాత మైకుకు దూరంగా, మెల్లగా, అడగనా వద్దా అన్నట్టుగా ఒక గొంతు.

"అయిపోయిందారా? ఇగ మాట్లాడొచ్చునా?"

అమ్మ! మా అమ్మ గొంతు! ప్రపంచంలో ఎక్కడా లేదనుకున్న గొంతు! నేను లేచి నిలబడ్డానో కూర్చునే ఉన్నానో నాకు తెలియదు. ఆ గొంతు ఆగీ ఆగకముందే ఇంకొకటి వచ్చింది. వయసులో ఉన్న మగ గొంతు, మైకు పక్కనే ఉండి పదింతలు పెద్దగా వినిపించే గొంతు.

"ష్! ఇంక బంద్ కాలె. నోరు ముయ్యి!"

టక్కుమని టేపు ఆగింది.

అత్త నా వైపు చూడలేదు. ఏండ్లుగా ప్రతి బతుకమ్మకూ ఆ రెండు మాటలూ వింటూ, ఏ రోజూ నాతో అనకుండా, నేను వస్తే పప్పు చేసి రొట్టెలు పెట్టి పంపిన మనిషి. నేను కూడా ఎప్పుడో విని ఉంటాననీ, విని కూడా మరిచిపోయినట్టు నటిస్తున్నాననీ అనుకుందట. తర్వాత చాలా రోజులకు చెప్పింది.

క్యాసెట్ మాత్రం ఇవ్వలేదు. నేనే డెక్కు మోసుకుని, ల్యాబ్ ఆయన ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, మరుసటి నెల దెగ్లూర్ వెళ్లి ఆమె కళ్ల ముందే ఎక్కించాను. ఆమె ఒక షరతు పెట్టింది.

"బుస తియ్యొద్దు. గాజులు ముట్టొద్దు. ఆఖర్ల నీ కసురుడు గూడ కోయొద్దు. కోసినవంటే మల్ల నా గడప తొక్కకు."

కోయాలనిపించలేదని చెబితే అబద్ధం. తెర మీద అమ్మ మాట చిన్న గీత, దాని పక్కనే నా అరుపు పెద్ద గీత. రెండింటి మధ్యా కోయడానికి సరిపోయేంత చోటు ఉంది. మౌస్ అక్కడిదాకా పోయింది. అత్త పక్కనే కూర్చుని నా చెయ్యి చూస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఉన్నదున్నట్టు ఫ్లాక్ చేశాను.

ఇప్పుడు ఆ ఫైలు నా దగ్గరుంది. ల్యాబ్ ఆయన అన్నదే నిజమని ఒప్పుకుంటున్నాను. ఫ్లాక్‌లో విన్నాను, విప్పి వేవ్‌లో విన్నాను. నల్ల ప్లేయర్‌లో విన్నాను, తెల్ల ప్లేయర్‌లో విన్నాను. ఏమీ తేడా లేదు. అమ్మ అడిగేది అన్నింట్లోనూ ఒకేలా వినిపిస్తుంది, నోరు ముయ్యి అని నేను అరిచేది కూడా ఒకేలా వినిపిస్తుంది.